ఇంజన్ మార్చాక క్లచ్ మొరాయిస్తే

లారీకి ఇంజన్ మార్చి రోడ్డెక్కించిన వారం పది రోజులకే క్లచ్ ఇబ్బంది పెట్టడం మన షెడ్లలో కొత్త సంగతి కాదు. గేరు పడనంటుంది, పడితే గరగరమంటుంది, లేదా లోడు మీద ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకు కదలదు. ఏది జరిగినా మొదట వినిపించే మాట ఒకటే: ప్లేటు మార్చేద్దాం. ప్లేటు మారుస్తారు, తగ్గదు. ప్రెజర్ ప్లేటు మారుస్తారు, నాలుగు ట్రిప్పులు బాగుండి మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత రిలీజ్ బేరింగు, ఆ తర్వాత మాస్టర్ సిలిండరు, ఆఖరికి గేర్‌బాక్సు మీదికి అనుమానం పోతుంది. ఈ వరసలో ఎక్కడో ఒకచోట అప్పుడప్పుడూ రోగం కుదురుతుంది కూడా. అందుకే ఈ పద్ధతి ఇంకా బతికి ఉంది. అయితే లక్షల కిలోమీటర్లు తిరిగి అరిగిన క్లచ్‌నూ, ఇంజన్ మార్చాక మొరాయించిన క్లచ్‌నూ ఒకే రోగంగా చూడటం సరికాదు. తిరిగి అరిగిన బండిలో కొలతలన్నీ కంపెనీ పెట్టినవే ఉంటాయి, అరిగింది భాగం. ఇంజన్ మార్చిన బండిలో భాగాలన్నీ కొత్తవే కావచ్చు, మారిపోయింది వాటి మధ్య కొలతలు. కాబట్టి పరీక్ష మొదలవ్వాల్సింది కూడా కొలతల దగ్గరే, విడిభాగాల దుకాణంలో కాదు.

మన దగ్గర ఇంజన్ మార్చడానికి కారణాలు తెలిసినవే. క్రాంక్ షాఫ్ట్ విరిగితేనో, బ్లాకు పగిలితేనో, ఉన్న ఇంజన్‌ను పూర్తిగా రీబోరు చేయించే ఖర్చుకు కాస్త కలిపితే కండం అయిన బండి నుంచి తీసిన ఇంజన్ దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇంజన్, లేత్ పని, క్లచ్ సెట్టు అన్నీ ఒకే చుట్టుపక్కల దొరకడం పెద్ద వెసులుబాటు. అదే మోడల్ ఇంజన్ దొరికితే సగం తలనొప్పి తప్పినట్టే. దొరకనప్పుడే దగ్గరి చుట్టాన్ని వెతుకుతారు. టాటా బండ్లనే తీసుకుంటే, 1954 నుంచి 1969 వరకు సాగిన డైమ్లర్ బెంజ్ ఒప్పందం వంశంలో వచ్చిన 697 ఇంజన్ ఒకవైపు, 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ వారి 6బీటీ ఇంజన్ మరోవైపు. మొదటిది 97 మిల్లీమీటర్ల బోరు, 128 స్ట్రోకు, 5675 సీసీ. రెండోది 102 బోరు, 120 స్ట్రోకు, 5883 సీసీ. రెండూ ఆరు సిలిండర్లవే, సామర్థ్యంలో తేడా రెండు వందల సీసీ మాత్రమే. కాగితం మీద అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కానీ క్లచ్‌కు సీసీతో పని లేదు. క్రాంక్ వెనక కొస ఎంత లోతుంది, ఫ్లైవీలు మందం ఎంత, హౌసింగ్ ముఖం నుంచి ఫ్లైవీలు ముఖం దాకా దూరం ఎంత అన్నవే దానికి కావాలి. వేర్వేరు వంశాల ఇంజన్లలో ఈ మూడూ కలుస్తాయని అనుకోవడానికి ఆధారం ఏదీ లేదు. ఇంజన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పించుకోవాలని అందరికీ తెలుసు. ఈ దూరాలు మారితే ఎక్కడా రాసిపెట్టరు.

ముందు రోగం ఏ జాతిదో తేల్చుకోవాలి. క్లచ్ వదలకపోవడం వేరు, పట్టకపోవడం వేరు. ఈ రెంటినీ కలిపి "క్లచ్ బాగాలేదు" అనుకుంటే ఆపైన చేసేదంతా గుడ్డి వైద్యమే. వదలడం లేదా అని తెలుసుకోవడానికి గేర్‌బాక్సు దించక్కర్లేదు. ఇంజన్ ఆపి గేర్లు వేసి చూడాలి. ఆగి ఉన్నప్పుడు కూడా పడకపోతే గొడవ క్లచ్‌లో లేనట్టే లెక్క. ఇంజన్ మౌంటింగులు మారడంతో గేర్ రాడ్డు కోణం తప్పి ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే క్లచ్ వదలడం లేదు. అప్పుడు న్యూట్రల్‌లో ఇంజన్ నడుపుతూ పెడల్ పూర్తిగా తొక్కి, ఏడెనిమిది సెకన్లు ఆగి రివర్సు వేయాలి. ఆ వ్యవధిలో ఇన్‌పుట్ షాఫ్ట్ తిరగడం ఆగిపోవాలి. అంతసేపు వేచి చూశాక కూడా గరగరమంటే ఏదో ఆ షాఫ్ట్‌ను ఇంకా తిప్పుతోంది. పెడల్ రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గేరు హాయిగా పడుతోందా? అయితే లైనులో గాలి ఉంది. బ్లీడింగ్ చేసి చూశాకే వేరే మాట. ఎన్నిసార్లు తొక్కినా మార్పు లేకపోతే లోపలి కొలతల వైపు నడవాలి. ఈ పరీక్షలకు పావుగంట చాలు, ఖర్చు లేదు. ఇవేవీ చేయకుండానే గేర్‌బాక్సు బోల్టులు విప్పడం మొదలుపెట్టే షెడ్లు చాలానే ఉన్నాయి.

వదలని క్లచ్‌కు అతి సామాన్యమైన కారణం పెడల్ నుంచి రిలీజ్ బేరింగు దాకా చేరాల్సిన కదలిక మధ్యలో తరిగిపోవడం. దీన్ని లెక్క వేసి చూపించవచ్చు. పెడల్ 150 మిల్లీమీటర్లు దిగుతుందనీ, పెడల్ నిష్పత్తి ఆరు అనీ అనుకుందాం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ 25 మిల్లీమీటర్లు కదులుతుంది. మాస్టర్ బోరు ముప్పావు అంగుళం, స్లేవ్ సిలిండర్ బోరు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు అయితే స్లేవ్ పిస్టన్ దాదాపు 18.4 మిల్లీమీటర్లు కదులుతుంది. కొత్త ఇంజన్‌తో వచ్చిన హౌసింగ్‌కు అంగుళం బోరు స్లేవ్ బిగించి ఉంటే అదే తొక్కుడుకు కదలిక 14 మిల్లీమీటర్లే. ఫోర్కు నిష్పత్తి ఒకటిన్నర అనుకుంటే బేరింగు దగ్గరికి చేరేసరికి అది 12.2 నుంచి 9.4కు పడిపోయింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అందులోంచి బేరింగుకూ ప్రెజర్ ప్లేటు ఫింగర్లకూ మధ్య ఖాళీ మూడు తీసేయండి. మిగిలినదాన్ని ఫింగర్ల నిష్పత్తి అయిదుతో భాగించండి. ప్రెజర్ ప్లేటు వెనక్కి జరిగేది మొదటి లెక్కలో 1.8 మిల్లీమీటర్లు, రెండో లెక్కలో 1.3. క్లచ్ ప్లేటు లైనింగుల మధ్య ఉండే అలల స్ప్రింగు ఒత్తిడి తగ్గగానే ఉబ్బి సుమారు 0.8 తినేస్తుంది. అంటే ప్లేటుకు రెండు వైపులా కలిపి మిగిలే జాగా మొదటి బండిలో ఒక మిల్లీమీటరు, రెండో బండిలో అర మిల్లీమీటరు. ప్లేటు అర మిల్లీమీటరు వంగినా రెండో బండిలో ఫ్లైవీలును రాసుకుంటూనే తిరుగుతుంది. కొత్త ప్లేటు వేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ రావడం ఎందుకో ఈ అంకెల్లోనే ఉంది. కొత్తది తిన్నగా ఉన్నంతకాలం నెగ్గుకొస్తుంది, కాస్త వేడెక్కి వంగగానే పట్టుకుంటుంది. మరో మోసం కూడా ఇక్కడే ఉంది: స్లేవ్ బోరు పెరిగితే పెడల్ మెత్తబడుతుంది. ఇంజన్ మార్చాక పెడల్ వెన్నలా ఉందని డ్రైవరు మెచ్చుకుంటే, మెకానిక్ ముందు అనుమానించాల్సింది ఆ మెత్తదనాన్నే. ఎయిర్ బూస్టర్ ఉన్న బండిలో పెడల్ మెత్తదనం దేనికీ కొలత కాదు, గాలి ఎంతైనా సాయం చేస్తుంది. అక్కడ స్లేవ్ రాడ్డు పక్కన స్కేలు పెట్టి ఎంత కదిలిందో చూడాల్సిందే.

రాడ్డు చాలినంత కదులుతూనే క్లచ్ వదలకపోతే చూపు క్రాంక్ మీదికి పోవాలి. కండం బండి నుంచి వచ్చిన ఇంజన్‌లో థ్రస్ట్ వాషర్లు ఎంత మిగిలాయో బయటికి కనిపించదు. క్లచ్ తొక్కిన ప్రతిసారీ రిలీజ్ బేరింగు క్రాంక్‌ను ముందుకు నెడుతుంది. వాషర్లు బాగుంటే ఆ కదలిక మిల్లీమీటరులో చిన్న భాగం, కంటికి ఆనదు. అరిగిపోతే క్రాంక్ మొత్తం ముందుకు జరిగి, బేరింగు కదలికలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఇంజన్ ఆపి, ఒకరు క్లచ్ తొక్కుతూ వదులుతూ ఉంటే ఇంకొకరు ముందువైపు క్రాంక్ పుల్లీని చూడాలి. పుల్లీ ముందుకు వెనక్కి ఊగడం కంటికి కనిపిస్తే ఆ ఇంజన్‌ను నమ్మి క్లచ్ సెట్టు కొనడం డబ్బు పారేసుకోవడమే. ఆ క్రాంక్ కొసలోనే కూర్చునే పైలట్ బేరింగుదీ ఇలాంటి కథే. ఇంజన్ మార్చేటప్పుడు పాత ఇంజన్‌తోపాటు పాత బేరింగు వెళ్లిపోతుంది, కొత్తదానిలో ఉందో లేదో చూడరు. అది లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొస వేలాడుతూ తిరుగుతుంది. ఉండి తుప్పుపట్టి బిగుసుకుపోతే క్లచ్ పూర్తిగా వదిలినా క్రాంక్ ఆ బేరింగు ద్వారా షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉంటుంది. ఈ రెండో రకం జనాన్ని బాగా తిప్పలు పెడుతుంది. ముందు చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, వెనక ఇరుసును గట్టి స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఇంజన్ ఆపి ఉండగా గేరు వేసి, పెడల్ తొక్కి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే అది ఒక్కోసారి సులువుగానే తిరిగి, క్లచ్ బాగానే వదులుతోందన్న నమ్మకం కలిగిస్తుంది. ఇంజన్ నడిచేసరికి మళ్లీ గరగర. ఆగి ఉన్నప్పుడు వదిలి, తిరిగేటప్పుడు పట్టే గుణం పైలట్ బేరింగుది లేదా వంగిన ప్లేటుది.

ఇక షాఫ్టుల తిన్నదనం. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్, క్రాంక్ షాఫ్ట్ ఒకే గీత మీద ఉండాలి. ఆ గీతను నిలబెట్టేవి బోల్టులు కావు, డోవెల్ పిన్నులు. బోల్టు రంధ్రంలో ఎప్పుడూ కాస్త వదులు ఉంటుంది, డోవెల్‌కు ఉండదు. పాత హౌసింగ్‌ను వేరే ఇంజన్‌కు తగిలించేటప్పుడు డోవెల్ అడ్డొచ్చిందని పీకి పారేసి, బోల్టులు బిగుసుకున్నాయి కదా అని వదిలేసిన బండిలో క్లచ్ ప్లేటు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. అటువంటి ప్లేటును బయటికి తీస్తే అదే సాక్ష్యం చెబుతుంది. లైనింగు దాదాపు కొత్తగానే ఉంటుంది, కానీ మధ్యలో హబ్బు చుట్టూ రివిట్లు వదులై, డ్యాంపర్ స్ప్రింగులు విరిగి, ఒక్కోసారి హబ్బు ప్లేటు నుంచి ఊడిపోయి ఉంటుంది. "ప్లేటు నాసిరకం" అని తిరిగి దుకాణానికి పంపేది ఇలాంటివాటినే. లైనింగు అరగకుండా నడుము విరిగిన ప్లేటు ఏ దుకాణం తప్పూ కాదు. రెండు షాఫ్టులు ఒక గీత మీద లేవని అది మొత్తుకుంటోంది. పరీక్షకు కావాల్సింది అయస్కాంతపు స్టాండుతో ఉన్న ఒక డయల్ గేజి. దాన్ని ఫ్లైవీలు మీద నిలబెట్టి, ముల్లును హౌసింగ్ బోరు లోపలి అంచుకు ఆనించి, ఇంజన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పితే ముల్లు ఎంత ఊగిందో తెలుస్తుంది. భారీ లారీల గేర్‌బాక్సులకు సాధారణంగా పాటించే హద్దులు హౌసింగ్ బోరుకు, ముఖానికి, ఫ్లైవీలు ముఖానికి 0.20 మిల్లీమీటరు, పైలట్ బేరింగు బోరుకు 0.13. ముఖం కొలిచేటప్పుడు క్రాంక్‌ను ఒకే వైపుకు నొక్కిపట్టి తిప్పాలి, లేకపోతే క్రాంక్ ముందు వెనకల కదలిక కూడా గేజిలో కలిసి తప్పుడు అంకె చూపిస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు చివరి అంగుళం. హౌసింగ్ చేత్తో ఊపుతూ నెడితే వచ్చి ఆనుకోవాలి. అయిదారు మిల్లీమీటర్లు మిగిలి ఆగిపోతే నాలుగు బోల్టులు పెట్టి స్పానరుతో లాగి మూసేస్తారు. ఆ నాలుగు బోల్టులు లోపల ఏం చేస్తాయో ఆలోచించాలి. అడ్డుపడింది స్ప్లైన్ అయితే ప్లేటు వంగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ కొత్త క్రాంక్‌కు పొడవెక్కువైతే దాని కొస క్రాంక్‌ను పొడుస్తూ థ్రస్ట్ వాషర్లను తినేస్తుంది. అడాప్టర్ ప్లేటు వేసిన బండిలో సంగతి తిరగబడుతుంది: ప్లేటు మందం మేర గేర్‌బాక్సు వెనక్కి పోయి, షాఫ్ట్ కొస పైలట్ బేరింగులోకి చాలినంత చేరదు, బేరింగుకూ ఫింగర్లకూ మధ్య దూరం అంతే పెరుగుతుంది. గేర్‌బాక్సు బరువును జాకీ మీద కాకుండా షాఫ్ట్ మీద వేలాడనిస్తే కొత్త ప్లేటు ఎక్కించిన రోజే వంగుతుంది. ప్లేటును తిరగేసి పెట్టడం కూడా అనుకున్నంత అరుదు కాదు; డ్యాంపర్ ఉబ్బు ఫ్లైవీలు బోల్టులకు తగులుతుంది.

క్లచ్ పట్టకపోవడం, అంటే జారడం, ఇంకో జాతి. ఇక్కడ కూడా ప్లేటు కాలిందని మార్చేయడమే అలవాటు. కాలడం ఫలితం, ఎందుకు కాలిందన్నదే ప్రశ్న. ఇంజన్ మార్చిన బండిలో మొదటి అనుమానం ఫ్లైవీలు మీద. గీతలు పడిన ముఖాన్ని లేత్ మీద మిల్లీమీటరు తీసేస్తారు, కవరు బిగించే అంచును మాత్రం అలాగే వదిలేస్తారు. మెట్టు ఉన్న ఫ్లైవీలులో రెండూ సమానంగా తీయాలి. తీయకపోతే ప్రెజర్ ప్లేటు మిల్లీమీటరు లోపలికి జరిగి, కాయిల్ స్ప్రింగుల కవరులో నొక్కుడు అంతమేర తగ్గుతుంది. డయాఫ్రమ్ కవరు ఈ తేడాను కొంతదాకా ఓర్చుకుంటుంది, కానీ ఫింగర్ల ఎత్తు మారి బేరింగు ఖాళీ తప్పుతుంది. రెండో అనుమానం నూనె. నెలల తరబడి షెడ్డు మూల పడి ఉన్న ఇంజన్ వెనక సీలు గట్టిపడి కారడం మామూలే. ప్లేటు ఏ వైపు తడిసిందో చూస్తే దొంగ దొరుకుతాడు: ఫ్లైవీలు వైపు నల్లటి ఇంజన్ ఆయిలు, గేర్‌బాక్సు వైపు గంధకం వాసన కొట్టే గేర్ ఆయిలు. మూడోది అందరూ మరిచేది. మాస్టర్ సిలిండరు పుష్‌రాడ్డుకు చివర కాస్తంత వదులు ఉండాలి. ఆ వదులు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఫ్లూయిడ్ తిరిగి డబ్బాలోకి పోయే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. బండి వేడెక్కినకొద్దీ లైనులోని ఫ్లూయిడ్ వ్యాకోచించి, ఎవరూ తొక్కకుండానే బేరింగును ఫింగర్ల మీద నొక్కుతుంది. తెల్లవారుజామున గట్టిగా పట్టిన క్లచ్ మిట్ట మధ్యాహ్నం శ్రీశైలం ఘాటులో జారిందంటే ముందు చూడాల్సింది ప్లేటు కాదు, ఆ వదులు. జారినప్పుడు స్లేవ్ దగ్గర బ్లీడర్ కాస్త విప్పితే ఫ్లూయిడ్ చిమ్మి క్లచ్ వెంటనే పట్టుకుంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా జారితే అది నిజంగా సామర్థ్యం సంగతే. క్లచ్ మోయగల టార్కు నొక్కుడు బలం, లైనింగు పట్టు, సగటు వ్యాసార్థం, రెండు ముఖాలు కలిసి వచ్చే లెక్క. ముప్పై శాతం టార్కు ఎక్కువున్న ఇంజన్‌ను తెచ్చి పాత క్లచ్ మీద పెడితే ఆ నాలుగూ కలిసి వచ్చే లెక్క కూడా అంతమేర పెరగాలి. 352 మిల్లీమీటర్ల ప్లేటు తీసి 380 వేస్తే వ్యాసార్థం వల్ల వచ్చే లాభం ఎనిమిది శాతమే. మిగతాది కవరు నొక్కుడులోంచి రావాలి, నొక్కుడు పెరిగితే పెడల్, స్లేవ్ లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. పెద్ద ప్లేటు వేస్తే సరిపోతుందన్న నమ్మకం అందుకే సగం నిజం. ఇక పెడల్ వదిలేటప్పుడు బండి కొట్టుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇంజన్ మార్చాక అది మొదలైతే కారణం ఎక్కువగా మౌంటింగులు, నూనె, ఫ్లైవీలు ముఖం ఈ మూడింట్లోనే ఉంటుంది.

ముందు కొలవాలన్న ఈ మాటకు షెడ్డు వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో న్యాయం లేకపోలేదు. నకిలీ విడిభాగాలు బజారులో విరివిగా ఉన్నాయి, కొత్త ప్లేటే చెడ్డదై ఉండవచ్చు కదా అంటారు. ఉండవచ్చు. అయినా కొలతలు ముందు చూసుకున్నవాడికే ప్లేటు చెడ్డదని తేల్చే అధికారం ఉంటుంది. కొలవనివాడు మంచి ప్లేటును నిందించి చెడ్డ గీతను అలాగే ఉంచుతాడు. ముప్పై ఏళ్ల చేతి అనుభవం ఉన్న మేస్త్రికి గేజి ఎందుకన్నది రెండో మాట. ఆ అనుభవాన్ని తక్కువ చేయడం తగదు. ఒకే మోడల్ ఇంజన్ ఎక్కించినప్పుడు ఆ చెయ్యి చాలాసార్లు గేజి కంటే వేగంగా తప్పును పట్టుకుంటుంది. కానీ చెయ్యి నేర్చుకున్నది కంపెనీ జత చేసిన భాగాల మీద. రెండు వంశాల భాగాలు కలిసే చోట దానికి పాత అనుభవం ఉండదు, పైగా 0.20 మిల్లీమీటరు ఊగుడు వేలికి తేలిగ్గా తెలియదు. అసలు బలమైన అభ్యంతరం మూడోది, డబ్బుది. బండి ఆగిన ప్రతి రోజూ ఫైనాన్సు వాయిదా నడుస్తూనే ఉంటుంది, లోడు ఇంకొకరికి పోతుంది, యజమాని నెత్తిన కూర్చుంటాడు. అంత ఒత్తిడిలో కొలుస్తూ కూర్చోమనడం మాటల్లో తేలిక. అయితే హౌసింగ్, ఫ్లైవీలు కొలతలన్నీ గేర్‌బాక్సు కింద ఉన్నప్పుడు గంటలోపు పని. అదే గేర్‌బాక్సును రెండోసారి దించి ఎక్కించడం ఒక రోజు పని, మధ్య దారిలో ఘాటులో ఆగితే లోడు మార్పిడి, క్రేను, రానుపోను ఖర్చు వేరే. తొందర ఉన్నవాడికే కొలత ఎక్కువ అవసరం. నాలుగో మాట, అదే మోడల్ ఇంజన్ పెట్టాం కనుక కొలతలు మారవన్నది, పూర్తిగా నిలవదు. మోడల్ ఒకటే కావచ్చు, ఆ ఇంజన్‌తో వచ్చిన ఫ్లైవీలును పాత యజమాని ఎన్నిసార్లు లేత్‌కు పంపాడో, డోవెల్ ఎక్కడ పోయిందో, థ్రస్ట్ వాషరు ఎంత అరిగిందో మోడల్ నంబరు చెప్పదు.

చాలా గొడవలకు మూలం పని పంచుకున్న తీరులో ఉంది. ఇంజన్ అమ్మినవాడు ఇంజన్ స్టార్టయితే తన పని అయిపోయిందంటాడు. లేత్ షాపు చెప్పిన ముఖం తీసి ఇస్తుంది, మెట్టు సంగతి అడగదు. దుకాణం నంబరు చూసి సెట్టు ఇస్తుంది. మెకానిక్ ఇవన్నీ కలిపి బిగిస్తాడు. ఒక్కొక్కరు తమ వంతు సరిగానే చేసి ఉండవచ్చు, ఆ నలుగురి పనీ కలిసే అంగుళం మందం జాగాకు మాత్రం బాధ్యుడు లేడు. చివరికి నింద పడేది డ్రైవరు మీద: పెడల్ మీద కాలేసి నడిపాడని. కొందరు నడుపుతారు, నిజమే. కానీ పెడల్ మీద కాలుంచినవాడి క్లచ్‌లో లైనింగు అంతటా సమానంగా అరిగి, ఫింగర్ల కొసలు నున్నగా మెరుస్తాయి. అరుగుదల ఒకవైపు ఎక్కువై, హబ్బు స్ప్లైన్లు నమిలినట్టుంటే ఆ నేరం డ్రైవరుది కాదు. అతని కూలీలోంచి ప్లేటు ఖరీదు కోసే ముందు యజమాని ఆ ప్లేటును వెలుతురులో తిప్పి చూడటం న్యాయం.

గేర్‌బాక్సు పైకి లేపే ముందు బిల్లు వెనకైనా సరే కొన్ని అంకెలు రాసి పెట్టుకోవాలి: హౌసింగ్ ముఖం నుంచి ఫ్లైవీలు ముఖం దాకా దూరం, ఫ్లైవీలు మెట్టు లోతు, బోరూ ముఖమూ ఎంత ఊగాయో, ఫింగర్ల ఎత్తు, మాస్టర్ స్లేవ్ బోరులు, స్లేవ్ రాడ్డు కదలిక. పాత ఇంజన్ దించినప్పుడే దాని మీద మొదటి రెండూ కొలిచి ఉంచుకుంటే పోల్చుకోవడానికి అంతకంటే మంచి ఆధారం లేదు. ఆ పాత ఇంజన్‌ను తుక్కు వాళ్ల బండి ఎక్కించేలోపే ఈ పని అయిపోవాలి.